ఎవరి పుస్తకం వాళ్లదే

1వ తేదీ, సోమవారం

ఈ రోజు నుంచి ఆరు వారాలు వార్డులో. మెడిసిన్ నుంచి ఒకడు, నర్సింగ్ నుంచి ఒకమ్మాయి, ఫిజియోథెరపీ నుంచి ఒకడు, ఫార్మసీ నుంచి నేను. నలుగురం ఒక జట్టు. కిటికీ వైపున్న ఆరు మంచాలు మావి.

పొద్దున పెద్ద మేడం గంటసేపు మాట్లాడింది. అందరినీ కలిపి నేర్పే ఈ పద్ధతి పట్టుబట్టి తెచ్చింది ఆవిడే. తర్వాత తలా ఒక కాగితం ఇచ్చారు. ఇరవై వాక్యాలు. ఒక్కోదాని పక్కన ఒప్పుకుంటామో లేదో టిక్కు పెట్టాలి. "ఇతర కోర్సుల వారితో కలిసి నేర్చుకుంటే రోగికి మేలు జరుగుతుంది." పూర్తిగా ఒప్పుకుంటాను. "ఇతర కోర్సుల వారి మాటకు నేను విలువ ఇస్తాను." పూర్తిగా. ఇరవైకీ పై నుంచి కిందికి ఒకే వరసలో పెట్టేశాను. మా క్లాసు వాళ్లందరూ అంతే. బయటికొచ్చాక ఒకతి అంది, "వాళ్ల సంచులు మోయడానికే మనల్ని పంపుతున్నారే." అందరం నవ్వాం.

తలా ఒక నోటు పుస్తకం కూడా ఇచ్చారు. ఎవరి రంగం నుంచి వాళ్లు వారానికి ఒక్క విషయమైనా కనిపెట్టి అందులో రాయాలి. శుక్రవారం హాల్లో చెప్పాలి. నలభై మార్కులు.

నర్సింగ్ అమ్మాయి నాకన్నా రెండేళ్లు చిన్న. అప్పుడే నన్ను అక్కా అంటోంది. నేనూ చెల్లీ అన్నాను. ఫిజియో అతను అందరినీ మంచం మీంచి లేపుతాడని పేషెంట్లే నడక అని పేరు పెట్టారు. మెడిసిన్ అతనికి దొర అని పెట్టింది నడక. నేను మందులు. "మందులూ, ఇటు రా" అంటే వెళ్లాలి.

3వ తేదీ, బుధవారం

రౌండ్లలో ఒక వరస ఉంది. ఎవరూ రాసి పెట్టలేదు, కానీ ఉంది. ముందు దొర చెప్తాడు. తర్వాత చెల్లి, తర్వాత నడక. నా వంతు వచ్చేసరికి డాక్టర్లు పక్క మంచం దగ్గరికి వెళ్లిపోతారు. వాళ్ల వీపులకి చెప్తాను.

అమ్మ ఫోన్ చేసింది.

"డాక్టర్లతో సమానంగా కూర్చోబెట్టారంటగా?"

"నిలబెట్టారమ్మా."

"అదేలే. మీ మావయ్యకి చెప్పాను. మాత్రలు లెక్కపెట్టడానికి ఆరేళ్లా అనేవాడుగా, ఇప్పుడు నోరు మూశాడు."

4వ తేదీ, గురువారం

ఐదో మంచానికి కొత్త పేషెంటు. బావులు తవ్వి బతికిన మనిషి. డెబ్బై దాటాయి. కాలి పుండు మానడం లేదని వచ్చాడు. వేళ్ల కణుపులు ఉల్లిగడ్డల్లా వాచి ఉన్నాయి, పాత కీళ్ల జబ్బు. "ఎన్ని బావులు తవ్వావు తాతా?" అని నడక అడిగితే, "నీళ్లు పడ్డవి చెప్పమంటావా, పడనివి చెప్పమంటావా?" అన్నాడు. పక్కన భార్య ఉంది. ఆమె నవ్వలేదు. వెయ్యిసార్లు విని ఉంటుంది.

వెంట తెచ్చుకున్న పాత చీటీ చూసి దొర మందుల చార్టు రాశాడు. మందుల సంచీ, చీటీ, చార్టూ మూడూ సరిపోల్చడం నా పని. చీటీ అడిగాను. "చూసి ఇస్తా మందులూ" అన్నాడు. ఇవ్వలేదు.

రేపు చూస్తాను.

5వ తేదీ, శుక్రవారం

నలభైకి పదకొండు.

మూడో మంచం ఆవిడ రక్తం పట్టే మాత్ర రోజూ టీతో మింగుతోందని కనిపెట్టింది నేను. బుధవారం క్యాంటీన్లో దొరతో అన్నాను. ఈ రోజు హాల్లో వాడు లేచి, "నేను గమనించిందేమిటంటే" అని మొదలుపెట్టాడు. టీ సంగతి, మాత్ర ఎందుకు ఒంటబట్టదో ఆ సంగతి, నేను చెప్పిన మాటలే వరస తప్పకుండా చెప్పాడు. నా వంతు వచ్చేసరికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. నిలబడి మళ్లీ అదే చెప్పబోతే పెద్ద మేడం, "అది అయిపోయింది కదమ్మా" అంది.

బయటికొచ్చాక వాడిని అడిగాను. "అదేంటి, మనం జట్టు కదా" అన్నాడు. వాడికి నిజంగానే అర్థం కాలేదు.

మా ఫార్మసీ సారు నన్ను మెట్ల దగ్గర ఆపాడు. "ఎనిమిదేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగితే మన వాళ్లకి వార్డులో కాలు పెట్టే చోటిచ్చారు. నువ్వెళ్లి వాళ్లకి అప్పనంగా అప్పజెప్పు. దొరికింది నీ పుస్తకంలో పెట్టుకో. శుక్రవారం దాకా నోరు విప్పకు."

సరే సార్ అన్నాను.

7వ తేదీ, ఆదివారం

బట్టలు ఉతికాను. పాపం చెల్లికి ఈ రోజు కూడా డ్యూటీ.

8వ తేదీ, సోమవారం

దొరికింది.

రౌండ్లు అయ్యాక బావుల తాత సంచీ విప్పాను. అడుగున పచ్చ మాత్రల డబ్బా. మెథోట్రెక్సేట్. కీళ్ల జబ్బుకి వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మందు. మొదటి ఏడాదిలోనే మా సారు బల్ల గుద్ది చెప్పిన మందు ఇది. రోజూ వేస్తే మందు కాదు, విషం అని.

"తాతా, ఈ పచ్చవి ఎప్పుడు వేసుకునేవాడివి?"

"సంత రోజు అమ్మాయ్. సంత సంతకీ మూడు. మూడేళ్ల నుంచీ."

"మరి ఇక్కడ?"

"ఇక్కడ రోజూ మూడు ఇస్తున్నారు. పెద్దాసుపత్రంటే పెద్దాసుపత్రే."

"మా దగ్గరి డాక్టరు ఒట్టి పిసినారి లేమ్మా, వారానికోసారి చేతిలో పెట్టేవాడు" అంది ఆయన భార్య.

చార్టు తీసి చూశాను. దొర రాత. రోజుకు ఒకసారి, మూడు మాత్రలు. కింద పై డాక్టరు సంతకం, చదవకుండా పెట్టిందే. పక్క గళ్లలో చెల్లి పొట్టి సంతకాలు ఐదు. గురువారం నుంచి ఈ రోజు దాకా.

నా నోటు పుస్తకంలో రాశాను. తేదీ వేసి, మందు పేరు, ఎలా వేసుకోవాలి, ఎలా ఇస్తున్నారు, అన్నీ. రాస్తుంటే చెల్లి వచ్చింది. "ఏంటక్కా అంతగా రాస్తున్నావు?" పేజీ మీద చెయ్యి పెట్టాను. "ఏం లేదులే, మా సారిచ్చిన పని" అన్నాను.

ఇలాంటిది మళ్లీ దొరకదు. మెడిసిన్ వాడి తప్పు, పెద్ద డాక్టరు చూసుకోని తప్పు, ఫార్మసీ కన్నుకి చిక్కింది. హాలంతా ఒక్కసారి నా వైపు తిరుగుతుంది. వీపులకి కాదు, మొహాలకి చెప్తాను.

ఐదు రోజులైంది, మనిషికి ఏమీ కాలేదు. పుండు కూడా కాస్త ఆరింది. ఇంకో నాలుగు రోజులు. శుక్రవారం చెప్తే శుక్రవారమే ఆపేస్తారు. అయినా ఇంతమంది తిరుగుతున్నారు, ఎవరికో ఒకరికి కనిపించకపోదు.

కనిపించకపోతే బాగుండు.

9వ తేదీ, మంగళవారం

చెల్లిని అడిగాను. మందుల బండి తోసుకుంటూ వస్తుంటే, "ఐదో మంచం తాతకి ఆ పచ్చ మాత్రలు రోజూ ఇస్తున్నావా?" అని అడిగాను.

"రాసింది ఇస్తాను. ఏం?"

"ఊరికే."

మొహం ముడుచుకుని వెళ్లిపోయింది. అడిగానంటే అడిగాను. ఆలోచించుకోవాల్సింది ఆమె. నా వంతు నేను చేశాను.

10వ తేదీ, బుధవారం

తాత పొద్దున పళ్లెం ముట్టుకోలేదు. నోరు మండుతోందన్నాడు. "ఈ కూరల్లో కారం ఎక్కువమ్మాయ్" అన్నాడు. అవును, వార్డు కూరలో కారం ఎక్కువే.

పాఠ్యపుస్తకం తీసి ఆ మందు పేజీ చదివాను. సగం దాకా. తర్వాత మెస్సు గంట కొట్టారు.

దొర ఏదో హడావిడిలో ఉన్నాడు. తాత రక్తం రెండుసార్లు పరీక్షకి పంపాడు. రిపోర్టు అడిగితే మడిచి జేబులో పెట్టుకున్నాడు. "శుక్రవారం చూద్దువులే" అన్నాడు, కన్ను కొట్టి. వాడికి తెలిసిపోయిందా? తెలిస్తే మాత్ర ఆపించేవాడు కదా. ఆపలేదు. చెల్లి సంతకం ఈ రోజు కూడా ఉంది. ఏడోది.

చెల్లిని నేను నిన్ననే అడిగాను.

11వ తేదీ, గురువారం

తాతకి జ్వరం. పెదాల లోపల తెల్లటి పొక్కులు. మంచినీళ్లు కూడా పక్కకి కార్చుకుంటున్నాడు. ఆయన భార్య తడిగుడ్డతో తుడుస్తూ, "నిన్నటి నుంచీ మాట ముద్దగా వస్తోందమ్మా" అంది. ఆయన నన్ను చూసి చెయ్యి ఎత్తబోయి ఎత్తలేకపోయాడు.

నాకు తెలుసు అది ఏమిటో. మిగతా సగం పేజీ చదవక్కర్లేదు.

దొర కోసం వెళ్లాను. ఆపరేషన్ థియేటర్లో ఉన్నాడన్నారు. డ్యూటీ డాక్టరు గది తలుపు తీసే ఉంది. లోపల ఆవిడ అన్నం తింటోంది. గుమ్మం దగ్గర నిలబడ్డాను. "ఏం కావాలి?" అంది. "మెడిసిన్ స్టూడెంటు కోసం మేడం" అన్నాను. "ఇక్కడ లేడు" అంది.

నిజమే. అక్కడ లేడు.

రేపు పొద్దున ఎనిమిదింటికి, మాత్ర ఇచ్చే ముందే చెప్పేస్తాను. ప్రజెంటేషన్‌తో పని లేదు.

నోటు పుస్తకంలో సోమవారం పేజీ గజిబిజిగా ఉంది. చింపి, ఈ రోజు తేదీతో శుభ్రంగా తిరగరాశాను. దస్తూరి చూస్తారు కదా, అందుకే. అంతే.

12వ తేదీ, శుక్రవారం

ఎనిమిదింటికి వెళ్లలేదు. ఎనిమిదింబావుకి వెళ్లాను. మాత్ర ఇచ్చేశారు. నీళ్లలో అరగదీసి చెంచాతో పోశారట, మింగలేకపోతున్నాడని.

పది గంటలకి హాలు.

దొర ముందు లేచాడు. బావుల తాత రక్తంలో తెల్లకణాలు ఎలా పడిపోయాయో గీత గీసి చూపించాడు. బుధవారం ఇంత, గురువారం ఇంత. ఎముక మూలుగలో వచ్చే అరుదైన జబ్బు కావచ్చన్నాడు. ఒక పావుగంట మాట్లాడాడు. వెనక వరసలో ఒకరిద్దరు మెచ్చుకోలుగా తలాడించారు.

తర్వాత చెల్లి. అదే తాత. బుధవారం పొద్దున నోట్లో పొక్కులు చూసిందట. మూడు పూటలా నోరు ఎలా కడగాలో రంగు పెన్సిళ్లతో బొమ్మ వేసుకొచ్చింది.

తర్వాత నడక. అదే తాత. బుధవారం సాయంత్రం నిలబెడితే మోకాళ్లు నిలవలేదు, పిక్కల మీద కమిలిన మచ్చలు ఉన్నాయి. "పడిపోకుండా చేతికర్ర ఎత్తు ఎంత ఉండాలో లెక్క వేశాను" అన్నాడు.

వాళ్లు ఒక్కొక్కరూ మాట్లాడుతుంటే నాకు అంతా కళ్ల ముందు కనిపిస్తూనే ఉంది. చెల్లి మాట్లాడేటప్పుడే లేచి అరవొచ్చు. లేవలేదు. నా వరస వచ్చేదాకా కూర్చున్నాను. ఇది రాయాలి. నా వరస వచ్చేదాకా కూర్చున్నాను.

లేచి చెప్పాను. రెండు వాక్యాలకే పెద్ద మేడం కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. "ఇప్పుడు ఇస్తున్నారా ఆ మాత్ర? ఇవాళ ఇచ్చారా?" అని అరిచింది. చెప్పులు టపటపలాడించుకుంటూ వార్డు వైపు పరిగెత్తింది. ఆ వయసులో అలా పరిగెత్తడం ఎప్పుడూ చూడలేదు.

గంటన్నర తర్వాత వచ్చింది. మా నాలుగు పుస్తకాలూ తీసుకుని బల్ల మీద పక్కపక్కన పరిచింది.

"ఈ నాలుగూ బుధవారం ఒక్కచోట పెట్టి ఉంటే, కళ్లున్న ఎవరికైనా అర్థమయ్యేది. ఎందుకు పెట్టలేదు?"

చివరికి నడక, "శుక్రవారం దాకా ఎవరికీ చూపించొద్దన్నారు మేడం" అన్నాడు.

"ఎవరు?"

"మా ఫిజియో సారు."

"మాకు మా మేడం చెప్పింది" అంది చెల్లి.

దొర నేల చూస్తున్నాడు. మా ఫార్మసీ సారు కిటికీ చూస్తున్నాడు.

అప్పుడు ఆవిడ నా పుస్తకం తెరిచింది. "నువ్వెప్పుడు చూశావు ఈ మాత్ర సంగతి?"

"నిన్న మేడం" అన్నాను.

"ఆ మాట నిన్ననే చెప్పాల్సింది. సరే. నయం, నువ్వైనా ఒక్కరోజులో బయటపెట్టావు."

నలభైకి ముప్పై ఎనిమిది.

13వ తేదీ, శనివారం

తాతని వేరే గదికి మార్చారు. మాస్కు, గౌను లేకుండా ఎవరూ వెళ్లకూడదు. విరుగుడు ఇంజెక్షన్ ఆరు గంటలకొకసారి ఇస్తున్నారు. మూత్రపిండాలు సరిగ్గా పనిచేయడం లేదట, అందుకే మందు ఒంట్లోంచి పోవడం లేదట.

ఇంకా ముందే ఆపి ఉంటే అని ఎవరో అంటున్నారు. ఎవరో కాదు. డ్యూటీ డాక్టరు.

చెల్లిని వార్డు నుంచి తీసేశారు. చార్టులో తొమ్మిది సంతకాలు ఆమెవి. "ఇచ్చే చెయ్యి అడగాలి కదా, రోజూ ఎందుకని" అని వాళ్ల పెద్ద సిస్టరు అందరి ముందూ అంది. గురువారం విచారణ. కోర్సు నుంచే పంపేస్తారంటున్నారు. దొరకి మాత్రం ఒక కాగితం ఇచ్చి, ఇకమీదట జాగ్రత్తగా రాయమన్నారు.

చెల్లి వెళ్లేటప్పుడు నన్ను చూసింది.

మంగళవారం నేను ఆమెని అడిగాను. అడగలేదని ఎవరూ అనలేరు.

14వ తేదీ, ఆదివారం

అడిగింది ఊరికే. అడిగి, ఊరికే అన్నాను.

15వ తేదీ, సోమవారం

అమ్మ ఫోన్. మా సారు నాన్నకి ఫోన్ చేసి మెచ్చుకున్నాడట. "ఒక ముసలాయన ప్రాణం కాపాడావంటగా! మీ నాన్న పొలం గట్టు మీద ఎవరు కనిపిస్తే వాళ్లకి చెప్తున్నాడు. నిన్న పాలవాడికి రెండుసార్లు చెప్పాడు."

"ఇంకా కాపాడలేదమ్మా" అన్నాను.

"నీకంతా వినయమే" అంది.

తాత గది బయట అద్దం ఉంది. అందులోంచి ఆయన కాళ్లు కనిపిస్తాయి. భార్య బయట బెంచీ మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి నా రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వే కనిపెట్టావంట కదా తల్లీ. పెద్ద డాక్టరమ్మ చెప్పింది. నీ కడుపు చల్లగుండ. అంతమంది చదువుకున్నోళ్లు ఉండి కూడా, నువ్వొక్కదానివే మా సంచీ విప్పి చూశావు."

చేతులు లాక్కోవడానికి కుదరలేదు. ఆమె అరచేతులు గరుకుగా, వేడిగా ఉన్నాయి. ఎంతసేపు పట్టుకుందో.

మా సారు పిలిపించాడు. గురువారం నన్ను కూడా విచారణకి పిలుస్తారట.

"తేదీ అడుగుతారు. పుస్తకంలో ఉన్నదే చెప్పు."

"సార్, సోమవారం..."

"నేనేమీ అడగలేదు. నువ్వేమీ చెప్పలేదు. ఫార్మసీ వాళ్లకి ముందే తెలిసి ఊరుకున్నారని ఒక్క మాట బయటికి పోతే, రేపటి నుంచి మనల్ని వార్డు గుమ్మం తొక్కనివ్వరు. నీ వెనకొచ్చే అరవై మంది సంగతి ఆలోచించు."

"చెల్లిని పంపేస్తారు సార్."

"అది వాళ్ల డిపార్ట్‌మెంటు. వాళ్లు చూసుకుంటారు."

గదిలోకి వచ్చాక పాఠ్యపుస్తకంలో ఆ పేజీ మిగతా సగం చదివాను. మొదటి వారంలో ఆపి విరుగుడు ఇస్తే చాలామంది కోలుకుంటారని ఉంది. సోమవారానికి ఐదు రోజులు.

16వ తేదీ, మంగళవారం

మధ్యాహ్నం రెండుంపావుకి తాత పోయాడు.

17వ తేదీ, బుధవారం

పొద్దున నర్సింగ్ హాస్టల్‌కి వెళ్లాను. చెల్లి మంచం మీద కూర్చుని యూనిఫాంలు మడత పెడుతోంది. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను.

"నాకు సోమవారమే తెలుసు."

"నాకు తెలుసక్కా."

"ఏం తెలుసు?"

"నువ్వు పేజీ మీద చెయ్యి పెట్టావు చూడు, వేళ్ల సందులోంచి తాత మంచం నంబరు కనిపించింది. మందు సంగతేదో పట్టుకుందిలే అనుకున్నా. నీ మార్కులు నీవి, నేనెందుకు అడగాలి అనుకున్నా."

మడత పెట్టిన గౌను మళ్లీ విప్పింది. మళ్లీ మడత పెట్టింది.

"మంగళవారం నువ్వొచ్చి రోజూ ఇస్తున్నావా అంటే ఒళ్లు మండింది. మేం డాక్టర్ల దగ్గర పడేది చాలక, ఇప్పుడు మాత్రలోళ్లు కూడా మాకు పరీక్ష పెడుతున్నారా అనుకున్నా. అదే వేరే నర్సు అడిగి ఉంటే చార్టు తీసి చూసేదాన్ని. నువ్వు అడిగావని చూడలేదు."

"మరి వాళ్లకి చెప్పొచ్చు కదా, నాకు ముందే తెలుసని."

"తొమ్మిది సంతకాలు పెట్టినదాని మాట ఎవరు వింటారు? తప్పించుకోడానికి ఇంకొకరి మీద తోస్తోందంటారు."

నాకు ఏడుపు వచ్చింది. ఆమె చూసి విసుక్కుంది. "ఇక్కడ ఏడిస్తే నేను ఓదార్చాలా? నాతో చెప్పి ఏం లాభం? చెప్పేచోట చెప్పు, లేకపోతే పో."

వచ్చేశాను.

చెప్తే ఈ ఏడాది పోతుంది. ఏడాదే పోతుందో, చదువే పోతుందో. నాన్న గట్టు మీద ఇప్పుడు ఏం చెప్తాడు? సారు మొహం ఎలా చూడాలి? చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చింపిన పేజీ ఎక్కడ పారేశానో నాకే గుర్తు లేదు. చెల్లి చెప్పినా నమ్మరు. తాత చెప్పలేడు.

పొద్దుటి నుంచి ఇదే తిప్పి తిప్పి ఆలోచిస్తున్నాను. ఎటు తిప్పినా చివరికి "తాత చెప్పలేడు" దగ్గర ఆగుతోంది. ఆయన చెప్పాడు. సోమవారం నేను అడిగితే అంతా చెప్పాడు. ఆసుపత్రిలో ఆ మాట ఆయన చెప్పింది నాకొక్కదానికే.

18వ తేదీ, గురువారం

పొడుగు బల్ల. అటువైపు ఐదుగురు. మధ్యలో పెద్ద మేడం. ఆ పక్క కుర్చీలో మా సారు, ఈ పక్క నర్సింగ్ పెద్ద సిస్టరు. చెల్లి గోడ పక్కన నిలబడి ఉంది.

పెద్ద మేడం నా పుస్తకం తెరిచి, "పదకొండో తేదీ గురువారం గుర్తించినట్టు రాశావు. అంతేనా?" అంది.

"కాదు మేడం. ఎనిమిదో తేదీ సోమవారం."

గుమాస్తా రాయడం ఆపాడు.

"ఇక్కడ గురువారం అని ఉంది."

"సోమవారం పేజీ చింపేశాను. సంచీ, చీటీ, చార్టూ సరిపోల్చాల్సింది మొదటి రోజే. అది కూడా చేయలేదు. సోమవారం చూశాను, తాతని అడిగాను, ఆయన చెప్పాడు. శుక్రవారం చెప్తే మార్కులొస్తాయని ఉంచుకున్నాను. గురువారం ఆయన నోరు చూశాక కూడా చెప్పలేదు."

"ఎందుకు?"

"అప్పుడు చెప్తే సోమవారం నుంచి ఎందుకు చెప్పలేదని అడుగుతారని."

ఇంకా ఏదో అడిగారు. నీకెవరైనా ఇలా చేయమని చెప్పారా అని కూడా అడిగారు. శుక్రవారం దాకా నోరు విప్పొద్దని మా సారు అన్నాడని చెప్పాను. ఆ మాట ఆయన అన్నది మార్కుల గురించి, మనిషి ప్రాణం గురించి కాదని కూడా చెప్పాను. అది నిజమే. సారు నా వైపు చూడలేదు. ముందున్న గ్లాసు మీద మూత తీసి, మళ్లీ పెట్టాడు.

చెల్లి సంగతి మళ్లీ ఆలోచిస్తామన్నారు. తొమ్మిది సంతకాలు ఎటూ పోవు కదా, అన్నాడు ఆ ఐదుగురిలో ఒకాయన. నన్ను బయట కూర్చోమన్నారు. తర్వాత ఒక కాగితం చేతికిచ్చారు. తీర్పు వచ్చేదాకా కాలేజీకి రాకూడదు.

చెల్లి నా ముందు నుంచే వెళ్లింది. ఆగలేదు. ఆగుతుందని నేనూ అనుకోలేదు.

ఆఫీసు కిటికీ దగ్గర తాత భార్య కాగితాల కోసం నిలబడి ఉంది. కాళ్ల దగ్గర ఆ మందుల సంచీ, ఒక దుప్పటి మూట. నన్ను చూసి, "నువ్వా తల్లీ" అంది. వేలిముద్ర వేసిన సిరా ఇంకా వేలికి ఉంది.

పక్క నుంచి వెళ్లిపోవచ్చు. దారి వెడల్పుగానే ఉంది.

"పెద్దమ్మా, ఆ మాత్ర తప్పని నాకు సోమవారమే తెలుసు. శుక్రవారం దాకా ఎవరికీ చెప్పలేదు."

ఆమెకి మొదట అర్థం కాలేదు. నేను ఏదో వేరే సంగతి చెప్తున్నాననుకుంది. రెండోసారి చెప్పాను. చేతిలో కాగితం మడిచి, రవికలో దోపుకుంది.

"ఏ సోమవారం?"

"మొన్నటిది కాదు. అంతకు ముందుది. ఆయన్ని అడిగాను కదా, సంతకి మూడు అన్నాడు. మీరు కూడా ఉన్నారు."

"ఆ రోజా" అంది.

వేలికున్న సిరా కొంగుకి తుడుచుకుంది.

"ఆ రోజు మధ్యాహ్నం కుళాయి దగ్గరికి తనే నడిచెళ్లి చొక్కా ఉతుక్కున్నాడు. నేను ఉతుకుతానన్నా వినలేదు. పిండటానికి వేళ్లు రాలేదు, అది మాత్రం నాకిచ్చాడు."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చెయ్యి ఎత్తుతుందనుకున్నాను. అదీ లేదు. దుప్పటి మూట చంకనెత్తుకుని, బస్సు ఏ గేటు దగ్గర ఆగుతుందని అడిగింది. రెండో గేటు అన్నాను. ఆ గేటు ఎటో ఆమెకి తెలియలేదు. చూపించడానికి మందుల సంచీ నేను తీసుకోబోయాను. ఆమె నా చేతిలోంచి లాక్కుని, "అది నువ్వు ముట్టుకోకు" అంది.

ఆమె ముందు, నేను వెనక నడిచాం. మలుపు వచ్చినప్పుడల్లా ఆగేది, వెనక్కి తిరగకుండా. కుడికి అనో, ఎడమకి అనో చెప్పేదాన్ని. నడిచేది.

బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. సంచీ ఒళ్లో పెట్టుకుంది. బస్సు కదిలేదాకా నేను కిందే ఉన్నాను.